సముద్ర విద్యలో మన పిల్లల వాటా ఏది?

తొర్రూరులో వరంగల్–ఖమ్మం రహదారి పక్కన ఒక చిన్న డీజిల్ మెకానిక్ షెడ్డు ఉంది. లారీ ఇంజన్లు విప్పి, అరిగిన రింగులు మార్చి, పంపులు సరిచేసి, తిరిగి బిగించడం దాని యజమాని ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. ఆయన కుమారుడు ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి మంచి మార్కులతో ఉత్తీర్ణుడయ్యాడు. సలహా కోసమని ఆ తండ్రి మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఒక కాగితం చేతికిచ్చారు. ఓడలో ఉద్యోగం, ఆరు నెలల శిక్షణ, ఆపైన నెలకు లక్ష రూపాయల జీతం అని అందులో అచ్చువేసి ఉంది. నగరం నుండి వచ్చిన ఒక దళారీకి ఆయన అప్పటికే యాభై వేలు చెల్లించారు. ఇంకా మూడు లక్షలు కట్టవలసి ఉంది. అందుకోసం ఇంటి జాగాలో సగం అమ్మడానికి బేరం కూడా కుదిరింది.

శిక్షణ సంస్థ పేరేమిటని అడిగాము. కాగితంలో లేదు. ప్రభుత్వ గుర్తింపు సంఖ్య అడిగాము. అదీ లేదు. ఓడ ఏ దేశానిదో ఆయనకు తెలియదు. ఈ విద్యను కేంద్ర విశ్వవిద్యాలయంలోనే నాలుగేళ్లు చదివి, ఇంజనీరు హోదాలో ఓడ ఎక్కవచ్చునని మేము చెప్పినప్పుడు ఆయన నవ్వారు. "సాబ్, మా ఊళ్లె చెరువుంది గని సముద్రమెక్కడిది? గసొంటి సదువులు మాసొంటోళ్లకు దొరుకుతయా?" అన్నారు.

ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాము. దళారీ తొర్రూరు దాకా రాగలిగాడు. విశ్వవిద్యాలయం రాలేకపోయింది. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న అంతరమే నేటి ముస్లిం సమాజపు విద్యా సమస్య. దూరం వల్లనో, ప్రతిభ లేకపోవడం వల్లనో మన పిల్లలకు ఈ విద్య అందడం లేదనుకుంటే పొరపాటు. సమాచారం, ధ్రువపత్రం, ఫీజు అనే మూడు తలుపులు వారి ముందు మూసి ఉన్నాయి. ఆ మూడింటినీ తెరిపించడం హక్కుల ఉద్యమంలో భాగమని మా అభిప్రాయం.

ఏమిటీ విద్య?

సముద్ర విద్యలో ప్రధానంగా రెండు శాఖలున్నాయి. మొదటిది నౌకా నిర్మాణ శాస్త్రం. వేల టన్నుల ఉక్కు నీటిపై ఎలా తేలుతుంది, సరుకు నింపినప్పుడు ఎంత లోతుకు దిగుతుంది, తుపానులో ఒక పక్కకు ఒరిగిన ఓడ తిరిగి ఎలా నిలబడుతుంది, దాని పొట్ట ఏ ఆకారంలో ఉంటే తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోతుంది అన్నవి ఈ శాస్త్రం తేల్చే ప్రశ్నలు. ఇది చదివినవారు ఎక్కువగా తీరంపైనే, నౌకాశ్రయాలలో, నౌకా నిర్మాణ కేంద్రాలలో, డిజైన్ కార్యాలయాలలో, ఓడలను తనిఖీచేసి యోగ్యతాపత్రం ఇచ్చే సంస్థలలో పనిచేస్తారు.

రెండవది మెరైన్ ఇంజనీరింగ్. ఓడలోని ప్రధాన ఇంజను, జనరేటర్లు, బాయిలర్లు, పంపులు, చుక్కానిని తిప్పే యంత్రం, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రం, వీటన్నిటినీ నడిపి, చెడితే నడిసముద్రంలోనే బాగుచేసే విద్య ఇది. 2006లో ఎమ్మా మెర్స్క్ అనే కంటైనర్ ఓడకు అమర్చిన డీజిల్ ఇంజనులో 14 సిలిండర్లు ఉన్నాయి. దాని బరువు రెండు వేల టన్నులకు పైగా, శక్తి లక్ష హార్స్‌పవర్‌కు పైగా. తొర్రూరు షెడ్డులో ఆ పిల్లవాడు తండ్రి పక్కన నిలబడి స్పానర్లు అందించిన ఇంజనుకు ఇది పెద్దన్న వంటిదే. పిస్టను, ఇంజెక్టరు, లైనరు, టర్బోచార్జరు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. చేతికి తెలిసిన పనిని శాస్త్రంగా నేర్చుకోవడానికి ఆ పిల్లవాడికి విశ్వవిద్యాలయంలో ఒక సీటు కావాలి.

మన దేశపు విదేశీ వాణిజ్యంలో పరిమాణం రీత్యా సుమారు 95 శాతం, విలువ రీత్యా సుమారు 70 శాతం సముద్రమార్గంలోనే సాగుతున్నదని ప్రభుత్వ లెక్క. అయినా ప్రపంచ నౌకా నిర్మాణంలో భారతదేశం వాటా ఒక్క శాతం కూడా లేదు. చైనా, దక్షిణ కొరియా, జపాను దేశాలే అత్యధిక భాగం ఓడలను కడుతున్నాయి. ఈ లోటు పూడ్చడానికి 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం నౌకా నిర్మాణ రంగానికి 69,725 కోట్ల రూపాయల ప్యాకేజీని ఆమోదించింది. ఈ ధనంతో రేపు కొత్త నౌకా కేంద్రాలు వెలిస్తే వాటిలో ఇంజనీర్లు ఎవరవుతారు, కాంట్రాక్టు వెల్డర్లు ఎవరవుతారు? ఆ నిర్ణయం నేడు విద్యాలయాల వాకిట జరుగుతున్నది.

సముద్రం మనకు పరాయిదా?

తొర్రూరు నుండి తీరం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. కాని ఓరుగల్లు సీమకు సముద్రం ఏనాడూ పరాయిది కాదు. ఓరుగల్లు నుండి పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకపై అలా జరగదని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని ఆయన విదేశీ వర్తకులకు హామీ ఇచ్చాడు. సముద్రంపై బతికేవాడికి రాజ్యం ఇచ్చిన హక్కుల పత్రం అది. దానిని ఇచ్చిన రాజధాని మన ఓరుగల్లే.

గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం ఆ రాజ్యపు ప్రధాన రేవు. అక్కడి నుండి ఓడలు బర్మాకు, పర్షియాకు, హజ్ యాత్రికులతో ఎర్రసముద్రానికి వెళ్లేవి. గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకు సొంత వాణిజ్య నౌకలే ఉండేవి. గోదావరి ముఖద్వారాన నరసాపురంలో ఓడలు కట్టేవారు. తమకు కావలసిన ఓడల కోసం ఐరోపా కంపెనీలవారు కూడా ఆ వడ్రంగుల వద్దకే వచ్చేవారు.

మన తెలుగు భాషే ఇందుకు సాక్షి. రేవును పారసీలో బందరు అంటారు. మచిలీపట్నాన్ని మనం నేటికీ బందరనే పిలుస్తున్నాము. లంగరు, సరంగు, ఖలాసీ అన్న మాటలు అరబ్బీ, పారసీ నావికుల నోటి నుండి వచ్చి తెలుగువారి నోట స్థిరపడ్డాయి. పదిహేనవ శతాబ్దంలో హిందూ మహాసముద్రపు దారులను, నక్షత్రాలను, గాలులను గ్రంథస్థం చేసిన అహ్మద్ ఇబ్న్ మాజిద్ అరబ్బు నావికుడు. నూహ్ ప్రవక్త (అలైహిస్సలాం) దైవాజ్ఞతో ఓడ నిర్మించిన వృత్తాంతం ప్రతి ముస్లిం ఇంట పిల్లలకు చెప్పేదే. సముద్రంపై సాగే ఓడలు దైవ సూచనలలోనివని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల మనకు గుర్తుచేస్తున్నది. ఈ వారసత్వం గల సమాజం ఓడల చదువును తనది కాదనుకోవడం విషాదం.

ఇక్కడ ఒక చేదు నిజాన్నీ చెప్పుకోవాలి. ఆవిరి ఓడల కాలంలో బ్రిటిషు కంపెనీల ఇంజను గదులలో బొగ్గు ఎగదోసినవారిలో వేలాదిమంది ముస్లింలు. సిల్హెట్, పంజాబు వంటి ప్రాంతాల నుండి వెళ్లిన ఆ ఖలాసీలకు తెల్ల నావికుల జీతంలో చిన్న భాగమే దక్కేది. అధికారుల శిక్షణ భారతీయులకు అందని పండు. 1927లో ముంబైలో డఫరిన్ శిక్షణ నౌకపై తొలి భారతీయ క్యాడెట్లు చేరిన తరువాతనే ఆ తలుపు కొద్దిగా తెరుచుకుంది. స్వాతంత్ర్యానంతరం 1949లో కోల్‌కతాలో మెరైన్ ఇంజనీరింగ్ శిక్షణ సంస్థ నెలకొన్నది. విశాఖపట్నంలో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ నౌకా కేంద్రానికి 1941లో బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన జల ఉష నౌకను 1948 మార్చిలో పండిట్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. దేశం ఖలాసీ స్థాయి నుండి నౌకా నిర్మాత స్థాయికి ఎదిగింది. ఆ ఎదుగుదలలో మనకెంత భాగం దక్కిందన్నది వేరే లెక్క.

1995 వరకు ముంబై నుండి హజ్ ఓడలు నడిచాయి. అక్బరీ ఓడలో వెళ్లివచ్చిన పెద్దల కథలు మన ఇళ్లలో ఇంకా వినబడుతూనే ఉన్నాయి. ఆ పెద్దలు ఓడలో యాత్రికులుగా వెళ్లారు. వారి మనవలు అటువంటి ఓడలకు చీఫ్ ఇంజనీర్లు కావాలని కోరుకోవడం అత్యాశ కాదు.

తలుపు ఎక్కడుంది?

పార్లమెంటు చట్టంతో 2008లో భారత సముద్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. కోల్‌కతా, ముంబై, చెన్నై, విశాఖపట్నాలలో అంతకుముందే ఉన్న ప్రభుత్వ సంస్థలు అందులో విలీనమయ్యాయి. ప్రధాన కేంద్రం చెన్నై. కొచ్చిలోనూ ప్రాంగణం ఉంది. విశాఖ ప్రాంగణం నౌకా నిర్మాణ శాస్త్రానికి ప్రసిద్ధం. ఒకప్పటి జాతీయ నౌకా డిజైన్, పరిశోధన కేంద్రమే నేడు ఆ ప్రాంగణంగా మారింది. మెరైన్ ఇంజనీరింగ్ బి.టెక్‌కు కోల్‌కతా, ముంబై, చెన్నై ప్రాంగణాలు ముఖ్యం. వీటితోపాటు ఖరగ్‌పూర్, మద్రాసు ఐఐటీలలో నౌకా నిర్మాణ, సముద్ర ఇంజనీరింగ్ విభాగాలు, కొచ్చి విశ్వవిద్యాలయంలో షిప్ టెక్నాలజీ విభాగం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలో మెరైన్ ఇంజనీరింగ్ విభాగం ఉన్నాయి.

తెలంగాణ విద్యార్థి ఒక విషయం గమనించాలి. రాష్ట్ర విభజన చట్టం ప్రకారం రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రవేశాలకు ఇచ్చిన పదేళ్ల గడువు 2024తో ముగిసింది. అందువల్ల ఆంధ్ర విశ్వవిద్యాలయం దారి మనకు మరింత ఇరుకైంది. సముద్ర విశ్వవిద్యాలయం మాత్రం అఖిల భారత సంస్థ. దేశమంతటికీ ఒకే ప్రవేశపరీక్ష, ఐఎంయూ సెట్. తొర్రూరు పిల్లవాడికీ ముంబై పిల్లవాడికీ అదే పరీక్ష. ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలలో సగటున 60 శాతం, పదవ తరగతిలోగాని ఇంటర్‌లోగాని ఆంగ్లంలో 50 శాతం మార్కులు ఉండాలి. ఓడ ఎక్కే కోర్సులకు కంటిచూపు, వర్ణాంధత్వ పరీక్షలు తప్పనిసరి. ఫీజు కట్టడానికి ముందే గుర్తింపు పొందిన వైద్యుని వద్ద ఆ పరీక్షలు చేయించుకోవాలి. రంగులు గుర్తించలేని పిల్లవాడు రెండేళ్లు కష్టపడి చదివి చివర తిరస్కారం పొందడం ఎంత దుఃఖకరమో చెప్పనక్కరలేదు.

డిగ్రీతోనే చదువు ముగియదు. మెరైన్ ఇంజనీరు ఓడపై పనిచేసిన అనుభవంతో ప్రభుత్వ యోగ్యతాపరీక్ష రాసి నాలుగవ తరగతి ధ్రువపత్రం పొందుతాడు. ఆపై రెండవ తరగతి, మొదటి తరగతి పరీక్షలు గెలిచి చీఫ్ ఇంజనీరు కావచ్చు. వీటన్నిటినీ ముంబైలోని నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షిస్తుంది.

మన ఊళ్లలో ఇంటర్ పిల్లలందరూ ఎప్‌సెట్ పేరు విన్నారు. ఐఎంయూ సెట్ పేరు ఎందరు విన్నారు? మేము తొర్రూరులో మాట్లాడిన పిల్లలలో ఒక్కరూ వినలేదు. పరీక్ష ఆంగ్లంలో ఉంటుంది. తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో పదవ తరగతి దాకా చదివిన పిల్లలకు అదొక గోడ. ఆ గోడను దాటించే శిక్షణ ఊళ్లో దొరకదు. మొదటి తలుపు ఇలా మూతబడి ఉంది.

ధ్రువపత్రం అనే చిక్కు

రెండవ తలుపు మరింత గట్టిది. మన రాష్ట్రంలో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన 14 ముస్లిం వర్గాలకు 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ అమలవుతున్నది. హైకోర్టు దానిని కొట్టివేసినా, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల అది నిలబడింది. ఎందరో మన పిల్లలు దాని ద్వారా డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారు. కాని ఇది రాష్ట్ర జాబితా మాత్రమే. కేంద్ర విశ్వవిద్యాలయంలో 27 శాతం ఓబీసీ సీట్లకు కేంద్ర జాబితానే ప్రమాణం. బీసీ-ఇ అన్న వర్గం ఆ జాబితాలో లేదు. దూదేకుల, నూర్‌బాష్ వర్గాలవారికి కేంద్ర జాబితాలో చోటుంది. షేక్‌ల వంటి బీసీ-ఇ వర్గాల పిల్లవాడు మాత్రం రాష్ట్ర కళాశాలలో వెనుకబడినవాడు, కేంద్ర విశ్వవిద్యాలయం గుమ్మం తొక్కగానే ముందున్నవాడు. అదే ఇల్లు, అదే షెడ్డు, అదే ఆదాయం. మారింది కాగితం ఒక్కటే.

అటువంటి పిల్లవాడికి ఆర్థికంగా బలహీన వర్గాల 10 శాతం కోటా మిగులుతుంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉంటే ఆ ధ్రువపత్రం కోరవచ్చు. ఈ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. తెలిసినవారికి మరో చిక్కు ఎదురవుతుంది. నోటిఫై అయిన మున్సిపాలిటీలో వంద గజాలు, అంతకు మించి నివాస స్థలం ఉన్న కుటుంబం ఆ కోటాకు అర్హం కాదు. ఇతర ప్రాంతాలలో ఆ పరిమితి రెండు వందల గజాలు. తొర్రూరు 2018లో మున్సిపాలిటీ అయింది. నిన్న గ్రామంగా ఉన్నప్పుడు తాతలు కొనిపెట్టిన నూట యాభై గజాల జాగా నేడు మనుమడి సీటుకు అడ్డు. హైదరాబాదు వంద గజాలకూ తొర్రూరు వంద గజాలకూ విలువలో ఎంత తేడా ఉన్నా నియమం రెండింటినీ ఒకే కాటాలో తూస్తుంది.

అల్పసంఖ్యాకుల హక్కులనగానే మనం రాజ్యాంగం 30వ అధికరణాన్ని తలుస్తాము. మన సంస్థలను మనం స్థాపించుకునే హక్కు అది, అమూల్యమైనది. కాని దానికి ముందే 29వ అధికరణం రెండవ క్లాజు ఉంది. ప్రభుత్వం నడిపే, ప్రభుత్వ ధనం పొందే విద్యాసంస్థలో మతం, జాతి, కులం, భాష కారణంగా ఏ పౌరునికీ ప్రవేశం నిరాకరించరాదని అది శాసిస్తుంది. సముద్ర విద్యాలయాన్ని ప్రతి పట్టణంలో మనం కట్టుకోలేము. ప్రజాధనంతో నడిచే విశ్వవిద్యాలయంలో మన వాటా అడగడమే ఇక్కడ హక్కు. దేశంలోని ప్రతిష్ఠాత్మక కళాశాలల డిగ్రీ విద్యార్థులలో 25 మందికి ఒకరు, పీజీ విద్యార్థులలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లిం అని 2006లోనే సచార్ కమిటీ తేల్చి చెప్పింది. ఆ అంకె ముందు చట్టంలోని సమానత్వం ఒక్కటే సరిపోదని వేరుగా నిరూపించనవసరం లేదు.

ఫీజు, వడ్డీ

మూడవ తలుపు ధనం. నివాసం, యూనిఫాం, శిక్షణ కలుపుకొని మెరైన్ ఇంజనీరింగ్ నాలుగేళ్ల ఖర్చు లక్షలలో ఉంటుంది. షెడ్డు ఆదాయం దానికి చాలదు. బ్యాంకు విద్యారుణం దొరుకుతుంది, కాని దానికి వడ్డీ ఉంది. వడ్డీని నిషిద్ధంగా భావించే కుటుంబానికి అది అప్పు కాదు, ధర్మసంకటం. ఈ సంకటాన్ని ప్రభుత్వాలు పట్టించుకోవు. మనం కూడా గట్టిగా చెప్పము. పిల్లవాడి చదువు నిశ్శబ్దంగా ఆగిపోతుంది. ఇంతలోనే మైనారిటీ పరిశోధకులకు ఇచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను, విదేశీ విద్యారుణాలపై వడ్డీ భారం తగ్గించే పఢో పర్‌దేశ్ పథకాన్ని కేంద్రం 2022లో నిలిపివేసింది. మెట్లు ఎక్కవలసిన చోట మెట్లే తీసివేస్తున్నారు.

మన చేతిలోనూ ఒక సాధనం ఉంది. జకాత్, సదఖా ధనంలో ఎంత భాగం ఒకనాటి ఆకలి తీరుస్తున్నది, ఎంత భాగం ఒక కుటుంబాన్ని శాశ్వతంగా నిలబెడుతున్నది? ఒక పట్టణంలోని బైతుల్‌మాల్ ఏటా ఒక్క అర్హుడైన విద్యార్థిని ఎన్నుకొని నాలుగేళ్లు భరిస్తే, ఉద్యోగంలో చేరిన ఆ యువకుడు ఖర్జె హసనాగా తీసుకున్న భాగాన్ని తిరిగి చెల్లిస్తే, పదేళ్లలో ఆ ఊరికి ఒక నిధి ఏర్పడుతుంది. ఏ ధనాన్ని ఏ విధంగా వినియోగించవచ్చునో ఆలిములు నిర్ణయించి చెప్పాలి. నిర్ణయించే ఆలిముల ముందుకు ఈ ప్రశ్నను తీసుకువెళ్లవలసింది మనమే.

ఓడపై ధర్మం, తల్లి భయం

తొర్రూరులో మేము మాట్లాడిన తల్లులు ఫీజు కంటే ముందు వేరే ప్రశ్న అడిగారు. ఓడపై నమాజు ఎలా, హలాల్ భోజనం దొరుకుతుందా, నెలల తరబడి పిల్లవాడు ఎవరి మధ్య ఉంటాడు? ఈ ప్రశ్నలను వెనుకబాటుతనంగా చూసేవారితో మేము ఏకీభవించము. అవి న్యాయమైన ప్రశ్నలు. వాటికి చట్టంలో జవాబు కూడా ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించిన సముద్ర కార్మిక ఒడంబడికను భారతదేశం 2015 అక్టోబరులో ధ్రువీకరించింది. ఓడలో నావికులకు ఉచితంగా భోజనం పెట్టాలని, వారి మత, సాంస్కృతిక నేపథ్యాన్ని దృష్టిలో ఉంచుకొని ఆ భోజనం ఏర్పాటు చేయాలని అందులో ఉంది. అంటే హలాల్ భోజనం అడగడం దయాభిక్ష కాదు. ప్రయాణికుని నమాజుకు ధర్మం ఇచ్చిన సడలింపులు, ఇంజను గది వాచీల నడుమ వేళలు కుదుర్చుకునే పద్ధతి గురించి ఆలిముల నుండి ముందే తెలుసుకోవాలి. గడ్డం, యూనిఫాం విషయంలో శిక్షణ సంస్థల నియమాలను చేరకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది. చేరిన తరువాత వివాదపడి చదువు పోగొట్టుకోవడం కంటే అది మేలు.

ఈ వృత్తిలో కష్టాలు లేవని మేము చెప్పడం లేదు. నెలల తరబడి ఇల్లు విడిచి ఉండాలి. ఇంజను గది వేడి, హోరు శరీరాన్ని పరీక్షిస్తాయి. 2023 నవంబరు నుండి ఎర్రసముద్రంలో వాణిజ్య నౌకలపై జరిగిన దాడులలో నావికులు ప్రాణాలు కోల్పోయారు. ఓడ ఎక్కడం ఇష్టంలేని, ఆరోగ్యం అనుమతించని పిల్లలకు నౌకా నిర్మాణ శాస్త్రం ఉంది. అది తీరంపై ఇంటికి దగ్గరగా ఉండే గౌరవప్రదమైన ఇంజనీరింగ్.

మన అమ్మాయిలను ఈ చర్చ నుండి తప్పించరాదు. భారతదేశపు తొలి మహిళా మెరైన్ ఇంజనీరు సోనాలీ బెనర్జీ 1999లో కోల్‌కతా సంస్థ నుండి ఉత్తీర్ణురాలైంది. నాడు వందలాది అబ్బాయిల నడుమ ఆమె ఒంటరి. నేడు ఆ పరిస్థితి మారుతున్నది. ఓడ ఎక్కాలా, డిజైన్ కార్యాలయంలో ఓడ గీయాలా అన్నది అమ్మాయి, ఆమె కుటుంబం కలిసి తేల్చుకోవలసిన విషయం. ఆ ఎంపిక ఉందన్న సంగతే ఆమెకు చెప్పకపోవడం అన్యాయం.

దళారీని ఆపేది ఎవరు?

నావికుని ఉద్యోగంలో పెట్టే సంస్థకు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని వద్ద రుసుము వసూలు చేయడం నియమవిరుద్ధం. గుర్తింపు పొందిన శిక్షణ సంస్థల జాబితా, లైసెన్సు గల కంపెనీల జాబితా డైరెక్టరేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఫోనులో పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు కేటాయించేవారు లేక ఇంటి జాగాలు అమ్ముడవుతున్నాయి. మోసపోయిన పిల్లవాడు ఏ దేశపు రేవులోనో జీతం లేక, కాగితాలు లేక చిక్కుకున్నప్పుడు తల్లిదండ్రులు పడే వేదన మాటలకందదు.

మనం కోరవలసినవి, చేయవలసినవి

ప్రభుత్వాల నుండి కోరవలసినవి స్పష్టంగా ఉన్నాయి. బీసీ-ఇ వర్గాలను కేంద్ర ఓబీసీ జాబితాలో చేర్చమని రాష్ట్ర ప్రభుత్వం జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు ఆధారాలతో నివేదించాలి. 342ఎ అధికరణం ప్రకారం కేంద్ర జాబితాను మార్చే అధికారం పార్లమెంటుది. మన ఎంపీలను ఈ ప్రశ్న అడగాలి. చిన్న మున్సిపాలిటీలకు వంద గజాల నిబంధనను సవరించాలి. కేంద్ర సముద్ర విశ్వవిద్యాలయంలో సీటు సాధించిన తెలంగాణ మైనారిటీ విద్యార్థికి పూర్తి ఫీజు, హాస్టలు ఖర్చు రాష్ట్రమే భరించాలి. 2016లో ప్రారంభమై 204 పాఠశాలలకు విస్తరించిన మైనారిటీ గురుకులాల వ్యవస్థ ఎప్‌సెట్, నీట్ శిక్షణతోపాటు ఐఎంయూ సెట్ శిక్షణ కూడా ఇవ్వాలి. విద్యార్థులను ఏడాదికొకసారి విశాఖకు తీసుకువెళ్లి నౌకా కేంద్రాన్ని, ప్రాంగణాన్ని చూపించాలి. వరంగల్‌లో రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగవచ్చు. దూరం అంతే.

మనం చేయవలసినవి కూడా స్పష్టమే. ప్రతి మసీదు కమిటీ ఇంటర్ చదివే పిల్లల పేర్లు రాసిపెట్టుకోవాలి. ఫలితాల తరువాత కాదు, పదవ తరగతిలోనే వారికి ఈ దారులు చెప్పాలి. జుమా ప్రసంగానికి ముందు ఐదు నిమిషాలు ప్రవేశపరీక్షల తేదీల ప్రకటనకు కేటాయించాలి. ఆదాయ, కుల, ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రాల కోసం తహసీలు కార్యాలయం చుట్టూ తిరిగే కుటుంబానికి చదువుకున్న ఒక యువకుడు తోడు వెళ్లాలి. ఇప్పటికే సముద్ర వృత్తిలో ఉన్న మన సోదరులు సెలవుపై ఇంటికి వచ్చినప్పుడు ఊరి కళాశాలకు వెళ్లి ఒక గంట మాట్లాడాలి. ఆ ఒక్క గంట ఎన్ని కరపత్రాలకైనా మించిన పని చేస్తుంది.

తొర్రూరు షెడ్డు యజమాని ఇంటి జాగా బేరం ఆపుకున్నారు. దళారీకి చెల్లించిన యాభై వేలు ఇంకా తిరిగి రాలేదు. పిల్లవాడు ఒక ఏడాది ఆగి ప్రవేశపరీక్షకు చదువుతున్నాడు. ఉదయం పుస్తకాలు, సాయంత్రం షెడ్డు. వంద గజాల చిక్కు వాళ్ల ఇంటికీ ఉంది. కనుక అతడు ఏ కోటా లేకుండానే దేశమంతటితో పోటీపడాలి. అతడు గెలవవచ్చు, గెలవకపోవచ్చు. కాని అతని ఓటమికి అతని తెలివి కారణం కావాలే తప్ప మన మౌనం, ప్రభుత్వ జాబితా కారణం కారాదు.

మేము బయలుదేరేటప్పుడు ఆ తండ్రి, "సాబ్, మావోడు ఓడెక్కిన్నాడు మీకు మొదలు ఫోన్ చేస్త" అన్నారు. ఇన్షా అల్లాహ్, ఆ ఫోను కోసం మేము ఎదురుచూస్తున్నాము. అటువంటి ఫోను ప్రతి ఊరి నుండి రావాలంటే పాఠకులారా, పని ఈ నెలలోనే, మీ వీధి నుండే మొదలుకావాలి.